ఆ పేరు ఎవరు చెప్పారు

జూలై 4, శుక్రవారం

ఇవాళ కూడా అంతే. నేను గదిలోకి అడుగు పెట్టగానే ఇద్దరూ మాట ఆపేశారు. కోడలు ఫోను మంచం మీద బోర్లా పెట్టింది. మా అబ్బాయి తలెత్తి ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది, దానికేం రోగం లేదు.

“ఏంట్రా?” అన్నాను.

“ఏం లేదమ్మా. ఆఫీసు గొడవ.”

ఆఫీసు గొడవలు వీడు పెళ్లాంతో ఎప్పుడు చెప్పుకున్నాడని. కంకిపాడు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. పలక మీద బొమ్మ గీసి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లల మొహాలు నాకు కొత్త కాదు.

పేరు సంగతే. ఇరవై ఒకటో రోజు ఆషాఢంలో పడిందని బారసాల శ్రావణానికి వాయిదా వేశాం. అప్పటినుంచీ ఈ గుసగుసలే. పేరు నిర్ణయించేసుకున్నారు, నాకు చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదంటే అది మా ఆయన పేరు కాదు కాబట్టి.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. ఉపవాసం ఉంటే నాకు కోపం ఎక్కువవుతుంది. అయినా రాస్తున్నాను.

నన్ను ఊరుకోబెట్టడానికి కాబోలు, అబ్బాయి ఫోన్లో పేర్లు చదివి వినిపించాడు. రియాన్ష్. అర్థం ఏంట్రా అంటే విష్ణుమూర్తి అన్నాడు. క్రివాన్. అదీ విష్ణుమూర్తే. ఇంకోటేదో చదివాడు, నాకు నోరు తిరగలేదు. అర్థం నేను అడగలేదు, వాడే “విష్ణువే అమ్మా” అని నవ్వాడు.

కొత్త పేర్లంటే నాకు మంట లేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు హాజరు పట్టీ నిండా వెంకటేశ్వరరావులూ నాగమణులూ. తర్వాత సురేష్‌లు వచ్చారు. ఆ తర్వాత ప్రతి పేరు ముందూ సాయి వచ్చి కూర్చున్నాడు. రిటైరయ్యే నాటికి పిల్లల్ని వాళ్ల పేర్లు వాళ్లనే చెప్పమని, విని పిలిచేదాన్ని. మా నాన్న స్వాతంత్య్రం పిచ్చిలో నాకు ఝాన్సీలక్ష్మి అని పెట్టలేదా. ఆ కాలానికి అదీ కొత్తే.

నాకు మింగుడుపడనిది ఒక్కటే, ముద్దుపేరు పట్టీలోకి ఎక్కించడం. బాబీ అని ఒక కుర్రాడుండేవాడు. ఇంట్లో పేరు బాబీ, బడిలో పేరు బాబీ. “వీడు ముసలాడైతే బాబీగారు అనాలా అండీ?” అని వాళ్ల నాన్న బాలశౌరిని అడిగాను. “అంటార్లెండి టీచరుగారూ, అలవాటైపోద్ది,” అన్నాడు. ముద్దుపేరు ఇంట్లో కట్టుకునే పాత నేతచీర లాంటిది. ఎంత మెత్తగా ఉన్నా దాంతో పెళ్లికి వెళ్లం. ఇంటి మాట ఇంట్లో ఉండాలి, బయటి మాట బయట ఉండాలి.

పిల్లాడికి వాళ్ల తాత పేరు. ఇందులో ఆలోచించేందుకు ఏముంది? అడగకుండానే పెట్టాలి. అడిగి పెట్టించుకోవడం నాకు చిన్నతనం.

జూలై 9, బుధవారం

అడిగేశాను.

భోజనాల దగ్గర, “నాన్న పేరు పెడుతున్నారు కదా,” అన్నాను. కోడలు సాయిశ్రీ పప్పు వడ్డిస్తోంది. గరిటె ఒక్క క్షణం ఆగింది. నేను చూశాను.

అబ్బాయి అన్నాడు, “నాన్న పేరు పెడితే నువ్వు వాణ్ణి ఏమని పిలుస్తావమ్మా? పదిహేడూ అనా?”

ఆ కథ వీడికి ఎప్పుడు చెప్పానో. నాలుగో తరగతిలో అచ్చం ఆయన పేరే ఉన్న పిల్లాడు ఒకడుండేవాడు. పట్టీలో పదిహేడో నంబరు. అందరినీ పేర్లతో పిలిచేదాన్ని, వాణ్ణి మాత్రం “పదిహేడు” అనేదాన్ని. ఏడాదంతా అంతే. మొగుడి పేరు నోటితో అనకూడదని నాకెవరూ పాఠం చెప్పలేదు. మా అమ్మ అనలేదు, మా అత్తగారు అనలేదు, నాకూ నోరు రాలేదు. ఆఖరికి కొడుకు పేరులో కూడా సగం ఆయన పేరే ఉందని అబ్బాయ్ అంటూనే పెంచాను. రాయడానికి కూడా చెయ్యి రాదు. ఇక్కడ కూడా రాయను.

“వంశంలో పేరు నిలబడాలి. పిలవడం అంటావా, అది వేరే సంగతి,” అన్నాను.

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. ఏం నవ్వు అది?

పిల్లాడికి స్నానం చేయించేటప్పుడు మాత్రం ఈ గొడవలేవీ గుర్తుండవు. గాలి తగలకుండా తలుపు వేసుకుని, పీట మీద కూర్చుని, వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే ఇద్దరం ఏవేవో కబుర్లు చెప్పుకుంటాం. ఏం చెప్పుకుంటామంటే నాకే తెలియదు.

జూలై 12, శనివారం

ఉయ్యూరు నుంచి వియ్యపురాలు పద్మావతమ్మగారు ఫోను చేశారు. చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని కూర్చున్నారు. అందుకే పుట్టింట్లో జరగాల్సిన పురుడు ఇక్కడ పటమటలో, అబ్బాయి ఫ్లాటులో జరిగింది. నేను సంచీ సర్దుకుని కంకిపాడు నుంచి వచ్చాను. చాకిరీ నాది, మాట మాత్రం ఆవిడది.

సాయిశ్రీ బాల్కనీలోకి వెళ్లి మాట్లాడింది. “అత్తయ్యకి ఇంకా చెప్పలేదమ్మా” అనడం వినిపించింది. అంటే ఉయ్యూరికి తెలుసు, నాకు తెలియదు.

ఆయన యాభై ఆరేళ్లకే పోయారు కాబట్టి ఆ పేరు పిల్లాడికి అచ్చిరాదని ఆవిడే ఎక్కించి ఉంటుంది. పైకి అనరు. అనకుండానే పని జరిపిస్తారు కొందరు.

జూలై 18, శుక్రవారం

చెప్పారు.

నేను బీరకాయలు తరుగుతున్నాను. ఇద్దరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. పిల్లాడు సాయిశ్రీ ఒళ్లో నిద్రపోతున్నాడు.

“అత్తయ్యా, పేరు అనుకున్నామండీ,” అంది. “కొసరు.”

చేతిలో ఉన్న బీరకాయ చివరిదాకా తరిగాను. ఇంకోటి తీసుకున్నాను.

“అదేం పేరు?”

“నాకు ముందు రెండుసార్లు కడుపు పోయింది కదండీ. ఈసారి నిలబడితే చాలనుకున్నాం, అంతకుమించి ఏం అడగలేదు. అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాడు దేవుడు. కొసరే కదండీ మరి.”

“ఇంట్లో పిలుచుకో. సర్టిఫికెట్లో రాయిస్తావా?”

“సర్టిఫికెట్లో నా పేరు నాగవెంకట సాయిశ్రీదుర్గండీ. అట్లా పిలిచినవాళ్లు ఒక్కళ్లు లేరు. పిలిచే పేరే రాయిస్తే ఏం?”

అబ్బాయి నవ్వుతున్నాడు. ఆ పిల్ల కూడా నవ్వుతూ నా మొహంలోకే చూస్తోంది, నేను ఏదో అంటానని ఎదురుచూస్తున్నట్టు. నన్ను పట్టేసుకున్నట్టు.

నేను లేచి స్టవ్ దగ్గరికి వెళ్లిపోయాను.

జూలై 19, శనివారం

ఎవరు చెప్పారు?

జూలై 20, ఆదివారం

రాసి చూసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

పెళ్లయి కంకిపాడు వచ్చిన రోజు మెట్టినింటి గడప దగ్గర ఆడపడుచు శేషారత్నం వదిన అడ్డం నిలబడింది. ఇద్దరూ పేర్లు చెప్పుకుంటేగాని లోపలికి రానివ్వనంది. ఆయన నా పేరు గట్టిగా చెప్పేశారు. నేను తలొంచుకుని నిలబడి, నిలబడి, ఆఖరికి ఒక్కసారి ఆయన పేరు చెప్పాను. మళ్లీ అనలేదు.

“ఏవండీ అంటే బజార్లో నలుగురు వెనక్కి తిరుగుతున్నారు. నాకంటూ ఏదో ఒకటి పెట్టు,” అనేవారు ఆయన. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు కాటా దగ్గర ఉద్యోగం. అక్కడ చిన్నమెత్తు తేడా రానిచ్చేవారు కాదట. అదే మనిషి బజారుకొస్తే ప్రతిదానికీ కొసరు. గవర్నర్‌పేటలో బట్టలు కొంటే జేబురుమాలు కొసరు. పూలు కొంటే జానెడు దండ కొసరు, అది కూడా నా తల్లో పెట్టాకే కదిలేవారు. ఇంటికొచ్చాక నా దగ్గరా కొసరే. అట్లా పెట్టాను ఆ పేరు.

అత్తగారు వినేట్టు ఎప్పుడూ అనలేదు. కొడుకు వినేట్టు అనలేదు. గదిలో తలుపు వేసుకున్నాకే. ఆయన పోయిన రోజున కూడా అనలేదు, చుట్టూ జనం ఉన్నారు.

అది లోకానికి తెలిసిన పేరు కాదు. ఆ మాట మా ఇద్దరిదే. నేను ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల ఆయన్ని చూడను కూడా చూడలేదు, ఆయన పోయిన ఎనిమిదేళ్లకి ఈ ఇంటికొచ్చింది. మరి ఎట్లా తెలిసింది?

నేను కాకపోతే ఆయనే చెప్పి ఉండాలి. ఎవరికి?

జూలై 23, బుధవారం

శేషారత్నం వదినకు ఫోను చేశాను. ముందు మోకాళ్ల నొప్పుల గురించి అడిగి, తర్వాత దారిలోకి తెచ్చాను.

“తమ్ముణ్ణి చిన్నప్పుడు ముద్దుగా ఏమనేవాళ్లు వదినా?”

“ముద్దా? మాయమ్మ వాణ్ణి ఎర్రోడా అనేది. ఎందుకే?”

“ఇంకేమైనా పేరు? పెద్దయ్యాక?”

“పెద్దయ్యాక నీ దగ్గరేగా ఉన్నాడు. నన్నడుగుతావేంటి ఝాన్సీ?”

ఆవిడకు తెలియదు. తెలిసి ఉంటే ఈపాటికి ఊరు ఊరంతా తెలిసేది. మరి ఎవరు?

జూలై 25, శుక్రవారం

శ్రావణం వచ్చింది. ఒకటే వాన. పేరు మారలేదు.

జూలై 27, ఆదివారం

పద్మావతమ్మగారు వచ్చారు, చేతికి కట్టుతోనే. మనవణ్ణి ఎడం చేత్తో ఒళ్లోకి సర్దుకున్నారు. సర్దుకుంటూ, “ఏరా కొసరూ, అమ్మమ్మొచ్చింది చూడు,” అన్నారు.

ఒళ్లంతా భగ్గుమంది. ఇంకో ఆడమనిషి నోట ఆ మాట. ఎంత తేలిగ్గా అనేసింది. ఎప్పటినుంచో అలవాటైనట్టు.

తర్వాత ఇంకోటి అన్నారు. “అన్నయ్యగారుంటే ఎంత మురిసేవాళ్లో. ఆయనకి పాలకోవా అంటే ప్రాణమంట కదండీ వదినగారూ.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరో అన్నారండీ. అల్లుడుగారేమో.”

ఎవరో అన్నారు. అల్లుడుగారేమో. ఒక్క ప్రశ్నకి రెండు జవాబులు. వాళ్లకి ఉయ్యూరు బస్టాండు పక్కన ఫ్యాన్సీ కొట్టు. ఆయన ఇరవై ఏళ్లు కంకిపాడు బస్సు ఎక్కింది అక్కడే.

“మీ కొట్టు ముందే కదండీ ఆయన బస్సు కోసం నిలబడేది. చూసే ఉంటారు,” అన్నాను.

“రోజూ ఎంతమందొస్తారండీ కొట్టుకి. చూసే ఉంటానేమో,” అంది.

చూసే ఉంటానేమో! చూడలేదని అనలేదు.

జూలై 30, బుధవారం

వద్దనుకుంటూనే అన్నీ గుర్తొస్తున్నాయి. బస్సు దొరకలేదని ఆలస్యమయ్యే రోజులు. జేబులో పాలకోవా పొట్లం. ఇరవై ఏళ్లు ఆ కోవా తిన్నాను, ఏ కొట్లో కొన్నారని ఒక్కసారి అడగలేదు. ఒక పండక్కి గాజులు తెచ్చారు. సైజు సరిగ్గా సరిపోయాయి. మగవాళ్లకి గాజుల సైజు ఎట్లా తెలుస్తుంది? ఎవరో చేతికి తొడుక్కుని చూపిస్తే తప్ప?

పద్మావతమ్మగారి చెయ్యి నా చెయ్యంతే ఉంటుంది. మొన్న చూశాను, ఎడంచెయ్యి.

ఆయన అలాంటి మనిషి కాదు. కాదనే నా నమ్మకం. కానీ ఆ మాట బయటికి ఎట్లా వచ్చింది? ఆయన అసలు పేరు, ఇంటి పేరు, ఫ్యాక్టరీలో పేరు, అన్నీ అందరివీ. నాకని మిగిలింది ఆ ఒక్క మాట. అది కూడా పంచి ఉంటే నా కాపురంలో నాదేముంది?

పర్సులో ఆయన ఫోటో ఉంటుంది. బోర్లా తిప్పి పెట్టాను.

ఆగస్టు 2, శనివారం

అబ్బాయి బయటికి వెళ్లాక అడిగేశాను.

“ఈ పేరు మీ అమ్మ చెప్పిందా?”

సాయిశ్రీ ఉతికిన పొత్తిగుడ్డలు మడతపెడుతోంది. “అమ్మా? లేదండీ, అమ్మకి మేమే చెప్పాం.”

“మరి ఎవరు చెప్పారు? నాకు నిజం కావాలి.”

ఆ పిల్ల తెల్లబోయి చూసింది. “మీరే కదండీ అత్తయ్యా.”

“నేనా?”

“రోజూ పిలుస్తారుగా వాణ్ణి. స్నానం చేయిస్తా. మొదటి రోజు నుంచీ కొసరూ కొసరయ్యా అనే అంటున్నారు. తలుపేసినా బయటికి వినబడతదండీ. భలే ముద్దుగా ఉందని నేనూ ఈయనా అనుకున్నాం. మీరు పిలిచే పేరే పెడితే మీరు సంతోషిస్తారని చెప్పకుండా దాచాం.”

ఎంత చక్కగా అల్లింది.

“మీ అమ్మని కాపాడుకోవడానికి నా మీద పెడుతున్నావా?” అన్నాను.

“అమ్మని కాపాడుకోవడం ఏంటండీ?”

నిజంగా అర్థంకానట్టే అడిగింది. అప్పుడు ఇంకో మాట అన్నాను. అది ఇక్కడ రాయను. సాయిశ్రీ గుడ్డలన్నీ ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. కళ్లనిండా నీళ్లు.

నేనా? నాకు తెలియకుండా నా నోరు మాట్లాడుతుందా? నాకింకా మతి పోలేదు.

ఆగస్టు 3, ఆదివారం

అబ్బాయి వచ్చి మంచం చివర కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

“నాన్న పేరే పెడుతున్నామమ్మా. సాయి కూడా ఒప్పుకుంది. తనేమీ అడగలేదు, ఒక్కటే అంది. బారసాలలో పేరు చెవిలో నువ్వే చెప్పాలంట.”

గెలిచాను.

సాయిశ్రీ “తిన్నారా అండీ” అంటుంది, “పడుకున్నారా అండీ” అంటుంది. అంతకుమించి మాట లేదు. స్నానానికి పిల్లాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ తలుపు వేసేదాకా అక్కడే నిలబడేది.

ఆగస్టు 4, సోమవారం

నోరు కట్టేసుకుని స్నానం చేయించాను. ఒక్క మాట అనలేదు. చూశావా, నేను కాదు.

పిల్లాడు ఆపకుండా ఏడ్చాడు. ఎప్పుడూ ఏడవడు. నీళ్లు వేడెక్కువయ్యాయేమో.

ఆగస్టు 5, మంగళవారం

ఇవాళా మాట్లాడలేదు. ఇవాళా ఏడ్చాడు. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి.

ఆగస్టు 6, బుధవారం

పట్టుదల సంగతి మర్చిపోయాను.

రాత్రంతా వాన, పొద్దున కరెంటు లేదు, నీళ్లు గ్యాసు మీద కాచుకుని ఆ హడావుడిలో కూర్చున్నాను. నలుగు పెట్టాను. తల మీద పోసే నీళ్లు కళ్లలోకి కారకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఆఖరి చెంబు ఎత్తాను. “అయిపోయింది కొసరూ, అయిపోయిందయ్యా, ఇదొక్కటే,” అన్నాను.

అన్నాక విన్నాను.

చెంబు అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. వాడు నా కాళ్ల మీద పడుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. ఏడవడం లేదు. మళ్లీ అనమన్నట్టు చూస్తున్నాడు. మళ్లీ అన్నాను. నోటికి ఎంత అలవాటుగా వచ్చిందో. నిన్నా మొన్నా ఆపుకున్నాను తప్ప, రోజూ అంటూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. తలుపు వేసి ఉంది. తలుపు వేసుకున్నాక ఆ మాట అనడం నాకు ఎన్నేళ్ల అలవాటు. పదకొండేళ్లుగా అనడానికి ఎదురుగా మనిషి లేక నోరు ఊరుకుంది, అంతే.

ఆయన ఎవరికీ చెప్పలేదు.

నేనే చెప్పాను. తలుపు చాటున, నూనె చేతులతో, ఈ చంటాడికి.

ఏడుపొచ్చింది. తనివితీరా ఏడ్చాను. నీళ్లు ధారగా పోస్తూ ఏడ్చాను, బయటికి వినబడకుండా. ఏది వినబడుతుందో ఏది వినబడదో నాకు ఇప్పుడు తెలుసు.

ఆయన గుర్తొచ్చారు, ఆ గాజుల పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి. సైజు తెలియకేం. నా పాత గాజు ఒకటి జేబులో వేసుకుని వెళ్లి ఉంటారు. ఆయన పనులన్నీ అట్లాగే ఉండేవి. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న ఆ పద్మావతమ్మగారిని ఏమనుకున్నాను నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీవ్రతం. సాయిశ్రీ చేతికి తోరం నేనే కట్టాను. చెబుదామనే అనుకున్నాను. “పాయసంలో తీపి సరిపోయిందా?” అని అడిగాను. “సరిపోయిందండీ,” అంది.

ఆగస్టు 10, ఆదివారం

చెప్పలేదు. రోజూ చెప్పాలనే అనుకుంటున్నాను. చెప్పాలంటే అది ఎవరి పేరో చెప్పాలి. అది చెప్పడానికి కూడా నోరు రావడం లేదు.

ఆగస్టు 13, బుధవారం

బారసాల అయింది.

అపార్ట్‌మెంటు కింద హాల్లో చేశారు. మావాళ్లు కంకిపాడు నుంచీ, వాళ్లవాళ్లు ఉయ్యూరు నుంచీ అందరూ వచ్చారు. ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, అబ్బాయి బంగారు ఉంగరంతో ఆయన పేరు రాశాడు. పొడుగు పేరు కదా, పళ్లెం చాలక ఆఖరి అక్షరం అంచుమీదికి ఎక్కింది. పంతులుగారు పైకి చదివారు. అందరూ “బాగుంది, తాతగారి పేరే” అన్నారు.

“ఇక నాయనమ్మగారు మూడుసార్లు చెవిలో చెప్పాలి,” అన్నారు పంతులుగారు.

శేషారత్నం వదిన కుర్చీలోంచి గట్టిగా అంది, “ఆనాడు గడప దగ్గర ఒక్కసారి అనడానికి మా మరదలికి కాళ్లు పీక్కుపోయేదాకా పట్టింది. ఇవాళ మూడుసార్లంటే సాయంత్రం అయిపోద్దేమో. టిఫిన్లు కూడా చెప్పించండి.”

అందరూ నవ్వారు. నేను వంగాను. పిల్లాడు సాయిశ్రీ ఒళ్లో ఉన్నాడు, వాడి దగ్గర పొద్దుటి సాంబ్రాణి వాసన. ఆ పేరు నాలుక మీదికి తెచ్చుకున్నాను. రాలేదు. మళ్లీ ప్రయత్నించాను, రాలేదు. సాయిశ్రీ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నావైపు చూడటం లేదు, పళ్లెంలోకి చూస్తోంది. ఆ మొహంలో కోపం లేదు. ఇక ఏదీ అడగకూడదని నిశ్చయించుకున్న మొహం. నేనే అట్లా చేశాను ఆ పిల్లని.

“కొసరూ,” అన్నాను వాడి చెవిలో.

సాయిశ్రీ తల ఎత్తింది.

“కొసరూ. కొసరూ.”

పక్కనున్న పళ్లెం దగ్గరికి లాక్కుని, బియ్యం మీద అరచేత్తో ఒక్కసారి తుడిచాను. ఆయన పేరు పోయింది. బియ్యం చదునైంది.

“రాయరా,” అన్నాను అబ్బాయితో.

“ఏం రాయాలమ్మా?”

“సాయి చెప్పిన పేరు.”

వాడు వాళ్లావిడ వంక చూశాడు, నా వంక చూశాడు, ఉంగరం తీసుకుని రాశాడు. మూడక్షరాలు. పళ్లెంలో ఇంకా బోలెడు చోటు మిగిలింది. పంతులుగారు కళ్లజోడు సర్దుకుని చదివారు.

శేషారత్నం వదిన లేచి నిలబడింది. గొంతులో ఇందాకటి సరదా లేదు. “నా తమ్ముడి పేరు చెరిపేశావా ఝాన్సీ?”

“చెరపలేదు వదినా.”

“నా కళ్లముందే తుడిచేసి, చెరపలేదంటావే?”

పళ్లెం పక్కకి జరిపాను. నేనేం చెప్పను?

ఆ తర్వాత భోజనాల దాకా అదే మాట హాలంతా. ముద్దుగా ఉందని ఒకరు, బళ్లో పిల్లలు ఏడిపిస్తారని ఒకరు. “కొసరేంటమ్మా, కూరగాయల బేరంలాగా,” అన్నాడు రత్తయ్య బాబాయి. “పలకడానికి సుఖంగా ఉందిలే,” అంది ఆయన భార్య. నేను గోడవార నిలబడి వింటున్నాను. కొసరు, కొసరు, కొసరు. ఆయన పోయాక ఆయన్ని ఇంతమంది పిలవడం ఇదే మొదలు. బతికుండగా ఆ పేరుతో పిలిచింది నేనొక్కదాన్నే. కొంచెం అసూయ వేసింది. దాచడం దేనికి, ఎక్కువ సంతోషమే వేసింది.

భోజనాల్లో పద్మావతమ్మగారు ఎడం చేత్తో చెంచా పట్టుకుని తంటాలు పడుతున్నారు. పక్కన కూర్చుని బూరె చిదిమి, అందులో నెయ్యి పోశాను. క్షమించమని అడగాలి. ఎందుకో చెప్పకుండా ఎట్లా అడుగుతాం? ఇంకో బూరె వేశాను.

“చాలండీ వదినగారూ. ఇవాళేంటి నాకింత మర్యాద?” అన్నారు. అని, కాస్త అనుమానంగా నావైపు చూశారు.

చూడనీ. నాకు రావాల్సిందే.

ఆగస్టు 20, బుధవారం

అబ్బాయి వార్డు సచివాలయానికి వెళ్లి పేరు ఎక్కించి వచ్చాడు. అక్కడి అమ్మాయి “ఇది ముద్దుపేరాండీ, అసలు పేరాండీ?” అని రెండుసార్లు అడిగిందట. అసలు పేరే అని చెప్పాడట.

శేషారత్నం వదిన నాతో మాట్లాడటం లేదు. తమ్ముడి పేరు తుడిచేసిన మరదలినని కంకిపాడంతా చెప్పుకొస్తోందని విన్నాను. నిన్న సాయిశ్రీకి మాత్రం ఫోను చేసి, “మా కొసరు ఏం చేస్తున్నాడే? పాలు బాగా తాగుతున్నాడా?” అని అడిగిందట. ఇన్నేళ్లకు తమ్ముణ్ణి ఆ పేరుతో అడిగింది. ఆవిడకు తెలియదు. చెప్పను.

పొద్దున సాయిశ్రీ పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది.

“అత్తయ్యా, ఒకటి అడగనా? ఆ పేరు మీకెట్లా తట్టిందండీ?”

“బజార్లో,” అన్నాను.

అబద్ధం కాదు. ఆ పిల్ల కాసేపు నా కళ్లలోకి చూసింది. నమ్మలేదు. నమ్మకపోయినా నవ్వింది. ఆ రోజు నేను అన్న మాట తుడిస్తే పోయేది కాదు, అయినా నవ్వింది.

ఆయన ఫోటో పర్సులో మళ్లీ తిప్పి పెట్టాను. స్నానానికి పీట వేసుకుని, వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. గాలి కూడా పెద్దగా లేదు. ఇవాళ తలుపు వేయలేదు. గొంతు తగ్గించకుండానే పిలిచాను.